కొత్త ఫోన్ ఐదో ఏట ఎలా ఉంటుందో అది చెప్పండి చాలు

ఏ కొత్త ఫోన్ లాంచ్ అయినా ఆ వీడియో మొత్తం కూర్చుని చూస్తాను నేను, ఫోన్లంటే అంత ఇష్టం. కానీ చూసినంతసేపూ ఒకటే తొలుస్తూ ఉంటుంది, వీళ్ళు చెప్పేదంతా డబ్బాలోంచి తీసిన మొదటి రోజు సంగతే కదా, మరి నాలుగో ఏడు ఐదో ఏడు వచ్చేసరికి ఈ ఫోన్ ఏ స్థితిలో ఉంటుంది అని. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో చెప్తారు, ప్రాసెసర్ పోయినేడాది దానికంటే ఎంత స్పీడో గ్రాఫులేసి మరీ చూపిస్తారు, కానీ మూడేళ్ళు పోయాక బ్యాటరీ ఎంత మిగులుతుందో ఒక్కరూ గ్రాఫ్ వెయ్యరు.

నెక్స్ట్ ఫోన్‌లో నీకేం కావాలి అని మా వాళ్ళలో ఎవర్ని అడిగినా వచ్చే సమాధానాలు ఇంచుమించు ఒకటే. ఛార్జింగ్ రోజంతా రావాలి, హ్యాంగ్ అవ్వకూడదు, కిందపడితే పగలకూడదు, స్టోరేజ్ ఫుల్ అని మాటిమాటికీ గోల చెయ్యకూడదు. ఆలోచిస్తే, పగలడం సంగతి పక్కనపెడితే ఇవన్నీ కొత్త ఫోన్లో ఎలాగూ ఉండేవే, కొన్న నెలలో ఎవరికీ ఈ బాధలు ఉండవు. అంటే మనం అడుగుతున్నది కొత్త ఫీచర్ కాదు, ఉన్నది ఉన్నట్టు ఎక్కువకాలం ఉండమని అడుగుతున్నాం అంతే. నా కోరికలు కూడా చాలావరకు ఆ లైన్లోనే ఉంటాయి.

మొట్టమొదటిది బ్యాటరీ, దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను ఎందుకంటే ఫోన్ ముసలిదవడం అంటే తొంభై పాళ్ళు బ్యాటరీ ముసలిదవడమే. లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జ్ అయినప్పుడల్లా లోపల లిథియం వచ్చి చేరే గ్రాఫైట్ అనే కార్బన్ పదార్థం మీద ఒక పల్చటి పొర మందమవుతూ వస్తుంది, ఆ పొరలో కొంత లిథియం శాశ్వతంగా ఇరుక్కుపోతుంది, అందుకే కెపాసిటీ తగ్గుతుంది. వేడి ఎక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎప్పుడూ 100 శాతం దగ్గర పెట్టి ఉంచినా అంతే. అందుకే ఇప్పుడు చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేసే సెట్టింగ్ ఇస్తున్నారు, చాలా మంచి పని అది. కెపాసిటీ తగ్గడం ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు, కానీ లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు, కూడా పెరుగుతుంది, అందుకే పాత ఫోన్ 25 శాతం చూపిస్తూనే కెమెరా ఓపెన్ చెయ్యగానే టక్కున స్విచాఫ్ అయిపోతుంది, ఎందుకంటే ఒక్కసారిగా కరెంట్ ఎక్కువ లాగేసరికి వోల్టేజ్ పడిపోతుంది. ఇలా ఆగిపోకుండా ఉండటానికే పాత ఐఫోన్ల స్పీడు తగ్గిస్తున్నామని యాపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది, దాని మీద పెద్ద గొడవే అయ్యింది, ఆ తర్వాత 2018లోనే బ్యాటరీ హెల్త్ చూపించే ఆప్షన్ వచ్చింది. నాకు ఆ ఒక్క నంబర్ ప్రతి ఫోన్లోనూ కావాలి, ఏ మెనూలోనో ఐదు పొరల కింద దాచకుండా బయటకి కనిపించేలా కావాలి.

మా అన్నయ్య పాత ఫోన్ బ్యాటరీ ఒకసారి ఉబ్బింది. మొదట్లో టేబుల్ మీద పెడితే ఫోన్ కొంచెం ఊగుతోంది అనుకున్నాం, తర్వాత చూస్తే ఒక పక్క స్క్రీన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య గోరు దూరేంత సందు, ఆ సందులోంచి లోపలి లైటు సన్నటి గీతలా బయటకి కనపడుతోంది. సర్వీస్ సెంటర్‌లో దాన్ని తీయడం దగ్గరుండి చూశాను, వెనక గ్లాసుని వేడి చేసి జిగురు కరిగించాలి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి అంచు మొత్తం మెల్లగా తిప్పుకుంటూ రావాలి, కేబుల్ తెగకుండా చూసుకోవాలి, బ్యాటరీ కూడా జిగురుతోనే అతికించి ఉంటుంది, అది వంగితే అగ్గి అంటుకునే ప్రమాదం. అరిగిపోతుందని తయారుచేసిన వాళ్ళకీ తెలిసిన పార్టు మార్చడానికి ఇంత సర్కస్ ఎందుకండీ, నాకైతే చాలా బాధగా అనిపించింది.

వాటర్‌ప్రూఫ్ కోసం అతికించక తప్పదు అనేవాళ్ళకి గెలాక్సీ ఎస్5 గుర్తుచెయ్యాలి. 2014లో వచ్చిందది, వెనక మూత గోటితో ఊడొచ్చేది, బ్యాటరీ చేత్తో తీసి మార్చుకునేవాళ్ళం, అయినా ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే మీటర్ లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది. ఫెయిర్‌ఫోన్ అని నెదర్లాండ్స్ కంపెనీ ఒకటుంది, 2023లో వచ్చిన వాళ్ళ ఫెయిర్‌ఫోన్ 5లో కూడా బ్యాటరీ చేత్తో తీసేయొచ్చు, స్క్రీన్, కెమెరా, ఛార్జింగ్ పోర్ట్ లాంటివి మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పి మార్చుకోవచ్చు. ఫోన్ కొంచెం లావుగా ఉంటుంది, ఉండనివ్వండి, ఎలాగూ అందరం పౌచ్ వేసుకునే వాడతాం కదా.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకి కొత్త రూల్స్ వచ్చాయి, అవి చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. 800 సైకిళ్ళ తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం నిలవాలి, అప్‌డేట్లు ఆ మోడల్ అమ్మకాలు ఆపేశాక కూడా కనీసం 5 ఏళ్ళు ఇవ్వాలి, ముఖ్యమైన స్పేర్ పార్ట్స్ 7 ఏళ్ళు దొరకాలి. సైకిల్ అంటే మొత్తం 100 శాతం వాడకం, ఇవాళ 50 రేపు 50 వాడితే రెండూ కలిపి ఒకటి. రోజుకో సైకిల్ లెక్కన 800 అంటే రెండేళ్ళ పైచిలుకే వస్తుంది, నా కోరికకి ఇది చాలదు, కానీ ఒక కింది గీత అంటూ చట్టంలో పడింది, అది పెద్ద విషయం.

ఇప్పుడు సిలికాన్ కార్బన్ బ్యాటరీలు వచ్చాయి, అదే సైజులో 7000 ఎమ్ఏహెచ్, ఆ పైన కూడా పెడుతున్నారు. గ్రాఫైట్ కంటే సిలికాన్ చాలా రెట్లు ఎక్కువ లిథియం పట్టుకుంటుంది, కాకపోతే ఛార్జ్ అయినప్పుడు దాదాపు మూడు రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బుని తట్టుకోవడానికే కార్బన్‌తో కలుపుతారు. రోజుకి రెండుసార్లు ఛార్జింగ్ పెట్టే అవసరం తప్పుతుంది కాబట్టి నాకు ఇది నచ్చింది. అయినా ఇక్కడ కూడా నేనడిగేది అదే, నాలుగేళ్ళ తర్వాత ఎంత మిగులుతుందో చెప్పండి, డబ్బా మీదే రాయండి.

తర్వాత అప్‌డేట్లు. ఫోన్ చూడ్డానికి బంగారంలా ఉంటుంది, స్క్రీన్ మీద ఒక్క గీత ఉండదు, కానీ సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయి, కొన్నాళ్ళకి బ్యాంక్ యాప్ ఈ వెర్షన్‌లో పనిచెయ్యను అంటుంది, అంతే, మంచి ఫోన్ మూలన పడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇది ఇంత తొందరగా ఎందుకు జరిగేదంటే చిప్ తయారుచేసే కంపెనీ తన డ్రైవర్లకి, అంటే చిప్‌ని ఆండ్రాయిడ్‌తో కలిపి పనిచేయించే కోడ్‌కి, సపోర్ట్ ఆపేస్తే ఫోన్ కంపెనీకి పని చాలా కష్టమైపోయేది. 2017లో ఆండ్రాయిడ్ 8తో పాటు ట్రెబుల్ అని తెచ్చి చిప్ వాళ్ళ కోడ్‌నీ ఆండ్రాయిడ్‌నీ విడదీశారు, అప్పట్నుంచి కొంచెం సులువైంది. ఫెయిర్‌ఫోన్ 2 అయితే 2015లో వచ్చింది, చిప్ సపోర్ట్ ఆగిపోయినా వాళ్ళే పట్టువదలకుండా ఆండ్రాయిడ్ 10 దాకా తీసుకొచ్చారు, చిన్న కంపెనీ చెయ్యగలిగింది పెద్దవాళ్ళు చెయ్యలేరా. చివరికి 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8కి గూగుల్ 7 ఏళ్ళ అప్‌డేట్లు ఇస్తామంది, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ కూడా అదే మాట ఇచ్చింది. చాలా సంతోషం, కానీ అవి బాగా ఖరీదైన ఫోన్లు, ఎక్కువమంది కొనే మామూలు ఫోన్లకి కూడా ఆ మాట ఇస్తేనే లెక్క. చవక ఫోన్ కొన్నవాళ్ళకే కదా అది ఎక్కువకాలం పనిచెయ్యాల్సిన అవసరం ఎక్కువ!

అప్‌డేట్ పేరుతో అడగని యాప్‌లు దింపడం, నోటిఫికేషన్లలోకీ లాక్ స్క్రీన్ మీదకీ యాడ్స్ తోయడం, ఇవి మాత్రం ఉండకూడదు. మా అమ్మ ఫోన్లో ఏది నిజమైన మెసేజో ఏది యాడో ఆవిడకి తెలియడం లేదు, పాపం ప్రతిదీ నొక్కి చూస్తుంది. కొన్న ఫోన్లో యాడ్స్ ఏంటి అసలు.

ఛార్జింగ్ పిన్ గురించి ఎవరూ మాట్లాడరు గానీ అందరూ పడేదే ఈ బాధ. జేబులోని దూదీ దుమ్మూ కొంచెం కొంచెంగా పోర్ట్ లోపలికి చేరి అడుగున గట్టిగా అణిగిపోతాయి, కేబుల్ పూర్తిగా లోపలికి వెళ్ళదు, వెళ్ళినట్టే ఉంటుంది కానీ కాస్త కదిపితే ఛార్జింగ్ ఆగిపోతుంది, మనమేమో పిన్ లూజైందనుకుంటాం. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకితే బూడిదరంగు ముద్ద ఒకటి బయటకొస్తుంది, కేబుల్ మళ్ళీ టక్కుమని కూర్చుంటుంది. నిజంగా అరిగిపోయినప్పుడు మాత్రం ఆ చిన్న ముక్క ఒక్కటే మార్చేలా ఉండాలి, కొన్ని ఫోన్లలో అది మెయిన్ బోర్డుకే అతికి ఉంటుంది, అప్పుడు రిపేరు తడిసి మోపెడు.

ఇయర్‌ఫోన్స్ పిన్ కూడా తిరిగి కావాలి నాకు. 2016లో ఐఫోన్ 7తో అది పోయింది, ఒకరిని చూసి ఒకరు తీసేశారు. బ్లూటూత్ బడ్స్ బాగానే ఉంటాయి, కాదనను, కానీ వాటిలో ఉండేవి కూడా చిట్టి లిథియం బ్యాటరీలే, రెండు మూడేళ్ళకి అవి చచ్చిపోతే మార్చే దారి దాదాపు లేదు, మొత్తం పారెయ్యడమే. వైర్ ఉన్నది పదేళ్ళ తర్వాత కూడా గుచ్చితే పాడుతుంది. సోనీ ఎక్స్‌పీరియా 1 ఫోన్లలో జాక్, మెమరీ కార్డ్ స్లాట్ రెండూ ఇంకా ఉంచారు, స్థలం లేదు అనే మాట నేను నమ్మను.

సైజు విషయంలో నా కోరిక తీరుతుందన్న ఆశ తక్కువే, అయినా రాస్తాను. 2007లో మొదటి ఐఫోన్ స్క్రీన్ 3.5 అంగుళాలు, 2011లో 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ వస్తే ఇదేం ఫోన్ అని అందరూ నవ్వారు, ఇప్పుడు దానికంటే పెద్దదే మామూలు సైజు అయిపోయింది. 5.4 అంగుళాల ఐఫోన్ 13 మినీ తర్వాత మినీ రాలేదు, 5.9 అంగుళాల ఆసుస్ జెన్‌ఫోన్ 10 తర్వాత వచ్చిన జెన్‌ఫోన్ 11 అల్ట్రా ఏకంగా 6.78. ఒక చేత్తో సంచి పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ వాడేటప్పుడు బొటనవేలు పైమూల దాకా వెళ్ళాలంటే ఫోన్‌ని అరచేతిలో పైకి కిందకి జార్చుకోవాలి, ఫోన్లు కిందపడేది సరిగ్గా అప్పుడే. అంచులు వంపు తిరిగిన స్క్రీన్లు కూడా వద్దు, టెంపర్డ్ గ్లాస్ సరిగ్గా అతకదు, పగిలితే మార్చడం మరీ ఖర్చు.

మైక్‌కీ కెమెరాకీ నిజమైన స్విచ్ ఒకటి ఉంటే బాగుండు. 2021లో ఆండ్రాయిడ్ 12లో మైక్ ఆన్ అయితే ఆకుపచ్చ గుర్తు రావడం, రెండూ ఆఫ్ చేసే బటన్లు రావడం మంచిదే, కాకపోతే అది సాఫ్ట్‌వేర్, లిబ్రెమ్ 5 అనే ఫోన్లో అయితే స్విచ్ నొక్కితే కరెంటే తెగిపోతుంది, నాకు కావలసింది అది. రాత్రి బ్రైట్‌నెస్ తగ్గిస్తే ఓలెడ్ స్క్రీన్ లోపల్లోపల వేగంగా వెలిగి ఆరుతూ ఉంటుంది, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది, నాకూ వస్తుంది, దానికి కూడా సెట్టింగ్‌లో ఒక దారి ఇవ్వాలి. ఏఐ గురించి పెద్దగా అడగను, నెట్ లేకపోయినా ఫోన్లోనే పనిచేసే అనువాదం, మాట వింటూ టైప్ చెయ్యడం ఇచ్చారంటే చాలు.

ఇంకొకటుంది, దీన్ని ఎవరి లిస్టులోనూ చూడలేదు. స్క్రీన్ పూర్తిగా పోయాక లోపలున్న ఫోటోలు బయటకి తెచ్చుకునే దారి కావాలి. ఫోన్ బతికే ఉంటుంది, కాల్ వస్తే మోగుతుంది, వైబ్రేట్ అవుతుంది, కానీ స్క్రీన్ నల్లగా, టచ్ పనిచెయ్యదు, కంప్యూటర్‌కి పెడితే ముందు లాక్ తియ్యమంటుంది, లాక్ తియ్యాలంటే స్క్రీన్ కావాలి. బ్యాకప్ పెట్టుకోనివాళ్ళ ఏళ్ళ ఫోటోలు అలా ఆ తలుపు వెనక ఉండిపోతాయి. యూఎస్‌బీ సీ పోర్ట్‌లోంచి బొమ్మ బయటకి పంపే సౌకర్యం ఉంటే మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలించి పాస్‌వర్డ్ కొట్టి అన్నీ కాపీ చేసుకునే అవకాశం ఉంటుంది, సెక్యూరిటీకి వచ్చే ఇబ్బంది కూడా ఏమీ లేదు, పాస్‌వర్డ్ ఎలాగూ మనమే కొట్టాలి కదా. ఖరీదైన ఫోన్లలో ఇది ఉంది, పిక్సెల్ 8కైతే 2024 జూన్‌లో అప్‌డేట్‌తో ఆన్ చేశారు. మామూలు ఫోన్లలో చాలావాటికి లేదు, పోర్ట్ ఆకారం సీ అయినా లోపల స్పీడు పాత యూఎస్‌బీ 2దే, బొమ్మ బయటకి రాదు. అందుకే ఈసారి కొనేటప్పుడు స్పెసిఫికేషన్ పేజీలో కెమెరా లైన్ దాటేసి ముందు ఆ పోర్ట్ లైనే చదువుతాను. ఈ బొమ్మ బయటకి పంపే సౌకర్యం ఉండి, బ్యాటరీ సులువుగా మారే మామూలు ధర ఫోన్ ఏదైనా మీలో ఎవరికైనా తెలిస్తే తప్పకుండా చెప్పండి.