జూన్‌దాకా ఆగిన ఓటు

2016 రిపబ్లికన్ ప్రైమరీ ఇప్పటికీ మనసులోంచి పోలేదు. అమెరికా అధ్యక్ష పదవికి ఆ పార్టీ అభ్యర్థి ఎవరో రాష్ట్రాలు వేర్వేరు రోజుల్లో ఓటేసి తేల్చే ఎన్నిక అది. బరిలోకి 17 మంది దిగారు. అన్నం కంచం పట్టుకుని టీవీ ముందే కూర్చుని డిబేట్లన్నీ చూశాను. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం అదుపులో ఉండాలి అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఫిబ్రవరి 1న అయోవాలో టెడ్ క్రూజ్ గెలిస్తే ఎంత సంబరపడ్డానో! మే 3న ఇండియానాలో ఓడి ఆయన తప్పుకున్నారు, మర్నాడు మరో అభ్యర్థి కేసిక్ కూడా.

మా న్యూజెర్సీ వంతు జూన్ 7న వచ్చింది. అప్పటికి ట్రంప్ ఒక్కరే మిగిలారు. చివర ఓటేసేవాళ్ళకి ఎంచుకోడానికి ఇద్దరైనా మిగలొద్దా? ఇది నాకు నిజంగా బాధే.

బ్యాలెట్ మీద మాత్రం క్రూజ్ పేరు అలాగే ఉంది. దాని మీద వేలు పెట్టి కాసేపు ఆగాను. తర్వాత నొక్కాను.

బయటికొచ్చాక మా ఆవిడ అడిగింది, "ఎవరికేశారు?"

"నేను నమ్మినాయనకే."