ముప్పై రెండు బార్లు లెక్కపెడుతూ: న్యూ ఆర్లీన్స్ నుంచి న్యూయార్క్ దాకా

న్యూ ఆర్లీన్స్‌లో విమానం దిగగానే గోడ మీద కనిపించే పేరు ఒక ట్రంపెట్ వాయిద్యకారుడిది. ఆ విమానాశ్రయం లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీదే ఉంది. జాజ్ వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇంతకన్నా సూటిగా దారి చూపించే ఊరు లేదు.

ఈ యాత్రకి పెట్టుకున్న నియమం ఒకటే. ఒక్కో చోటుకి ఒక్క రికార్డు, వెళ్లేముందు దాన్ని మూడుసార్లు వినాలి. మొదటిసారి పాట కోసం, రెండోసారి మంద్ర స్వరాలు పలికే బేస్ కోసం, మూడోసారి బార్ల లెక్క కోసం. బార్ అంటే తాళంలో ఒక కొలత, మామూలుగా నాలుగు బీట్లు. ఫోన్ స్పీకర్‌లో వింటే మాత్రం ఇదంతా వృథా. డబుల్ బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. జాజ్ గజిబిజిగా ఉంటుందనేవాళ్లలో చాలామంది విన్నది బేస్ లేని జాజ్. ఇల్లు కనిపిస్తుంది, పునాది కనిపించదు. హెడ్‌ఫోన్స్ ఖరీదైనవి అక్కర్లేదు కానీ రెండు చెవులకీ ఉండాలి. 1950ల చివరి స్టీరియో రికార్డుల్లో ఒక వాయిద్యాన్ని పూర్తిగా ఎడమకి, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి తోసేవారు. ఒక చెవికే పెట్టుకుంటే సగం బృందం సెలవు మీద ఉన్నట్టే.

మొదటి మజిలీ కాంగో స్క్వేర్. ట్రెమే పేటలో, ఆర్మ్‌స్ట్రాంగ్ పేరిటే ఉన్న పార్కులో రాళ్లు పరిచిన ఖాళీ స్థలం. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు ఆదివారాలు ఇక్కడే కూడి డప్పులు వాయించి ఆడేవారు. ఇప్పుడు చెట్లు, బెంచీలు తప్ప పెద్దగా చూడాల్సిందేమీ లేదు. వినాల్సింది వీధిలో ఉంటుంది. ఊరేగింపులో బ్రాస్ బ్యాండు, దాన్ని పిలిపించినవాళ్లు ముందు వరుస. వెనకాల గొడుగులు తిప్పుతూ చేరేవాళ్లు సెకండ్ లైన్. బాస్ డ్రమ్ నాలుగో బీటు మీద గట్టిగా పడుతుంది, కాలు దానంతటదే లేస్తుంది. స్వింగ్ అనే జాజ్ ఊపు ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవడం కష్టం. ఆ బ్యాండు వెనక రెండు వీధులు నడిస్తే చాలు.

ఎస్ప్లనేడ్ అవెన్యూలో పాత టంకశాల భవనంలో జాజ్ మ్యూజియం ఉంది. బాల్యంలో వెయిఫ్స్ హోమ్ అనే బడిలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదినదిగా చెప్పే, ట్రంపెట్ లాంటి కార్నెట్ అక్కడ చూడొచ్చు. 1912 చివరి రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందుకు పిల్లాణ్ని అక్కడికి పంపారు. అది చూశాక బయట మెట్ల మీద కూర్చుని 1928 జూన్ 28న షికాగోలో రికార్డయిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' వినాలి. మొదట ఎవరి తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే. పన్నెండు, పదమూడు సెకన్లు మాత్రమే. నాలుగు స్వరాలు గట్టిగా పలికి, అక్కణ్నుంచి చకచకా పాకి, చివర జారుతుంది. తాళం లేని ఆలాపన అది. తర్వాత 12 బార్ల బ్లూస్ వరసగా వస్తుంది. చివరి వరసలో ఒకే ఒక్క పై స్వరాన్ని దాదాపు నాలుగు బార్లు పట్టుకుని నిలబడతాడు. ఇంకా పాటంతా మూడు నిమిషాల పైచిలుకే, ఎందుకంటే పది అంగుళాల 78 ఆర్‌పీఎమ్ పళ్లెం ఒక వైపు పట్టేది అంతే. అందుకే ఆ కాలపు సోలోల్లో, అంటే ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగాల్లో, వృథా స్వరం దొరకదు. కొత్తగా వినేవాళ్లకి పాత రికార్డులే నయమనడానికి నా కారణం కూడా ఇదే. చెవి అలసిపోయేలోపు పాట అయిపోతుంది.

సెయింట్ పీటర్ స్ట్రీట్‌లోని ప్రిజర్వేషన్ హాల్ 1961 నుంచి నడుస్తోంది. పేరుకే హాల్, నిజానికి రంగు వెలసిన చిన్న గది. ముందు నేల మీద మెత్తలు, వెనక కొన్ని బెంచీలు, వాటి వెనక నిలబడే జనం. ఒక్కో కచేరీ ముప్పావుగంట. వాయిస్తున్నంతసేపూ ఫొటోలు, వీడియోలు కుదరవు, అది మేలే. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్ మూడూ ఒకేసారి వేర్వేరు సంగతులు పలుకుతుంటే మొదట సంతగోల అనిపిస్తుంది. మూడింటినీ ఒకేసారి పట్టుకోవాలనుకోవడమే పొరపాటు. ట్రంపెట్ పాటని పట్టుకుని ఉంటుంది, క్లారినెట్ దాని పైన లతలా అల్లుకుంటుంది, ట్రాంబోన్ కిందనుంచి జారుతూ అంచులు కలుపుతుంది. ఒక పాటంతా క్లారినెట్‌నే వినండి. తర్వాతి పాటకి ట్రాంబోన్. మూడో పాటకి గోల ఉండదు.

ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ గురించి ఒక్క మాట. చిన్న క్లబ్బుల్లో వాద్యకారుల ఆదాయంలో పెద్ద భాగం బకెట్లో పడే టిప్పులే. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ముందే చిల్లర చేసి పెట్టుకోవాలి. బకెట్ తిరిగేటప్పుడు పర్సు తడుముకోవడం బాగుండదు.

న్యూయార్క్‌లో మొదటి గమ్యం మన్‌హటన్ కాదు, క్వీన్స్. 7 నంబరు రైలెక్కి 103వ స్ట్రీట్-కరోనా ప్లాజా దగ్గర దిగి కొన్ని వీధులు నడిస్తే ఆర్మ్‌స్ట్రాంగ్ 1943 నుంచి 1971లో పోయేదాకా ఉన్న ఇల్లు వస్తుంది. ఎర్ర ఇటుకల మామూలు ఇల్లు. లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి, టికెట్ మీద టైము ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవడం మంచిది. నీలం రంగు వంటిల్లు, అద్దాల స్నానాలగది అందరికీ నచ్చుతాయి. నన్ను కట్టేసింది మాత్రం మేడ మీది గదిలోని టేపు రికార్డర్లు. ఇంట్లో మాటలు, సాధన, నవ్వులు అన్నీ ఆయన రీలు టేపుల మీద ఎక్కించుకునేవాడు. ఆరువందలకి పైగా టేపులు మిగిలాయి, వాటి అట్టపెట్టెల మీద కత్తిరించి అతికించిన బొమ్మలు కూడా ఆయన చేతివే. గైడ్ ఒక్కో గదిలో ఆ టేపు ముక్కలు వినిపిస్తారు. ఎవరూ లేని గదిలో ఆ బొంగురు గొంతు.

హార్లెమ్‌కి 'ఏ' అనే అక్షరం పేరున్న రైల్లోనే వెళ్లాలి, అది సెంటిమెంటే. జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ తన ఇంటికి దారి చెబితే దాన్నే బిల్లీ స్ట్రేహార్న్ పాట చేశాడు. ఆ రైలు 59వ వీధి తర్వాత మధ్యలో ఆగకుండా 125వ వీధికి పోతుంది. అర్ధరాత్రి దాటాక మాత్రం లోకల్ అయిపోయి ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, తిరుగు ప్రయాణంలో అది లెక్కేసుకోవాలి. అపోలో థియేటర్ అక్కడికి దగ్గరే. 1934లో అమెచ్యూర్ నైట్‌లో పదిహేడేళ్ల ఎల్లా ఫిట్జెరాల్డ్ గెలిచింది ఆ వేదిక మీదే. వాయిద్య సంగీతం కొరుకుడు పడనివాళ్లు ఎల్లాతో మొదలుపెట్టొచ్చు. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో 'మ్యాక్ ద నైఫ్' పాడుతూ మధ్యలో మాటలు మర్చిపోయింది. ఆగలేదు. మర్చిపోయాననే సంగతినే పాటలో పెట్టి, బాణీ చెడకుండా, కొత్త మాటలు కడుతూ చివరిదాకా పాడేసింది. ఇంప్రొవైజేషన్ అంటే ఏమిటని అడిగేవాళ్లకి అదొక్కటి వినిపిస్తే చాలు.

118వ వీధిలో మింటన్స్ ప్లేహౌస్ ఉన్న భవనం ఇంకా ఉంది. 1940ల మొదట్లో థెలోనియస్ మంక్ పియానో మీద, కెనీ క్లార్క్ డ్రమ్స్ మీద ఉండి రాత్రుళ్లు జామ్ సెషన్లు, అంటే ఎవరైనా వచ్చి కలిసి వాయించే కచేరీలు, నడిపిన చోటు. బీబాప్ అనే వేగమైన జాజ్ శైలికి పుట్టిల్లు. వేదికెక్కినవాళ్లలో చేతకానివాళ్లు తప్పుకోవాలని వేగం పెంచేవారు, పాట కింద నడిచే స్వరగుచ్ఛాలు మార్చేవారు. వినేవాళ్లకి కూడా ఆ వేగమే అడ్డం. అందుకే సాక్సోఫోన్ వాయించే చార్లీ పార్కర్‌ని 1945 నాటి 'కోకో'తో మొదలుపెట్టకూడదు. అది 64 బార్ల వరస మీద పరుగు, లెక్క రెండో వరసలోనే తప్పుతుంది. 1948 నాటి 'పార్కర్స్ మూడ్' నెమ్మదైన బ్లూస్. 12 బార్లు, ఊపిరి తీసుకునే చోట్లు కూడా వినపడతాయి. ముందు అది, నెల తర్వాత 'కోకో'. ఇంకో సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ విషయంలోనూ అంతే. 1965 నాటి 'అసెన్షన్'తో మొదలుపెట్టమనే స్నేహితుణ్ని కొంతకాలం దూరం పెట్టండి.

తూర్పు 30వ వీధి, నంబరు 207. ఇక్కడ చూడ్డానికేమీ లేదు, అపార్ట్‌మెంట్లు. ఒకప్పుడు చర్చిగా ఉండి తర్వాత కొలంబియా వాళ్ల స్టూడియో అయిన భవనం ఇక్కడుండేది, 1981లో మూతపడింది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డయింది అందులోనే, 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీల్లో. ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి మొదటి పాట 'సో వాట్' లెక్కపెడుతూ విన్నాను. మీరూ వేళ్లతో లెక్కపెట్టండి, పాట విప్పుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

బార్‌కి నాలుగు బీట్లు. ఎనిమిది బార్ల పల్లవి రెండుసార్లు, ఎనిమిది బార్ల చరణం, మళ్లీ పల్లవి. మొత్తం 32. దీన్ని కోరస్ అంటారు, మనకి ఆవర్తనం లాంటిది. పాల్ చేంబర్స్ బేస్ మీద ప్రశ్న అడుగుతాడు, మిగతావాళ్లు రెండే రెండు స్వరగుచ్ఛాలతో జవాబిస్తారు. పల్లవి స్వరాలు డి డోరియన్, అంటే డి ని షడ్జమం చేసుకుంటే అచ్చంగా ఖరహరప్రియ స్వరాలే. చరణంలో మొత్తం అరస్వరం పైకి జరుగుతుంది. శ్రుతిపెట్టె ఒక మెట్టు పెంచినట్టు. మైల్స్ డేవిస్ సోలో ఎత్తుకునే క్షణంలో డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్ కొట్టిన సింబల్ (ఇత్తడి పళ్లెం) మోత గాల్లో నిలిచిపోతుంది, ఒకటి అని లెక్క మొదలెట్టాల్సింది అక్కడే. ఒక్కో కోరస్ నిమిషానికి కొంచెం తక్కువ. మైల్స్ రెండు తీసుకుంటాడు, కోల్‌ట్రేన్ రెండు, కానన్‌బాల్ ఆడర్లీ రెండు, పియానో మీద బిల్ ఎవాన్స్ ఒకటి.

లెక్క తప్పే చోటు దాదాపు అందరికీ ఒకటే. కోరస్ చివరి పల్లవి, తర్వాతి కోరస్ మొదటి రెండు పల్లవులు కలిసి 24 బార్లు ఒకే స్వరాల మీద నడుస్తాయి. మధ్యలో గుర్తుపట్టడానికి మైలురాయి ఉండదు. తప్పిందనిపిస్తే వెతుక్కోవద్దు. అరస్వరం పైకి జరిగేదాకా ఆగి, అది చరణం మొదటి బార్ అనుకుని అక్కణ్నుంచి అందుకోండి. సాక్సోఫోన్‌లు ఇద్దరివీ ఒకేలా ఉన్నాయనిపిస్తే స్టీరియోని నమ్ముకోండి: కోల్‌ట్రేన్ టెనర్ ఎడమ చెవిలో, ఆడర్లీ ఆల్టో కుడి చెవిలో.

ఇంకో చిక్కుంది. మార్చి సెషన్‌లో టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో ప్లే చేసినప్పుడు పాత ఎల్పీల మొదటి వైపు మూడు పాటలూ అసలుకంటే కొంచెం వేగంగా, హెచ్చు శ్రుతిలో వినిపిస్తాయి. 1992లో మళ్లీ వేసినప్పుడు సరిచేశారు. పాత ప్రతితో వీణో వేణువో కలిపి చూసి శ్రుతి కలవలేదంటే తప్పు మీది కాదు.

అదే ఏడాది, అదే స్టూడియోలో పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం 'టేక్ ఫైవ్' రికార్డు చేసింది. అయిదు బీట్లు కదా అని ఖండచాపు వేస్తే చెయ్యి అడ్డం పడుతుంది. మన ఖండచాపు రెండూ మూడూ, ఇది మూడూ రెండూ.

విలేజ్ వ్యాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బు 1935 నాటిది, సెవెంత్ అవెన్యూ సౌత్‌లో ఎర్ర గుడ్డ పందిరి కింద చిన్న తలుపు. ఇరుకు మెట్లు దిగితే త్రికోణం లాంటి నేలమాళిగ. కూర్చునేది 123 మంది. టికెట్ ముందే తీసుకున్నా కుర్చీ నంబరుండదు, ఎనిమిదింటి కచేరీకి ఏడింటికే వరసలో ఉండాలి. డ్రమ్స్ పక్క కుర్చీకి ఆశపడొద్దు, సింబల్ బేస్‌ని మింగేస్తుంది. గది మధ్యలో గోడవారన చాలు. సోమవారాలు పదహారు మంది పెద్ద బృందం ఉంటుంది, ఆ రోజు ఇంకా వెనక్కి. వేదిక మీద సైగలు గమనిస్తే పాటలో ఎక్కడున్నారో తెలుస్తుంది. నాలుగు వేళ్లు చూపిస్తే నాలుగేసి బార్లు డ్రమ్స్‌తో వంతులేసుకోబోతున్నారని. అరచేత్తో నడినెత్తి తట్టుకుంటే సోలోలు చాలు, అసలు పాటకి రండని. ఒక్కో సోలో అయ్యాక చప్పట్లు కొట్టొచ్చు. బేస్ సోలోలో మాత్రం గ్లాసులో ఐసు కూడా కదపొద్దు.

ఆ గ్లాసుల చప్పుడు చరిత్రకెక్కింది కూడా. 1961 జూన్ 25, ఆదివారం, బిల్ ఎవాన్స్ త్రయం ఇక్కడ రికార్డు చేసింది. వెనక మాటలు, గ్లాసులు వినిపిస్తూనే ఉంటాయి. 'గ్లోరియాస్ స్టెప్' మొదటి టేక్‌లో మధ్యలో కరెంటు పోయి టేపు తడబడింది. బేస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజులకి, జూలై 6న, కారు ప్రమాదంలో పోయాడు. సరిగ్గా పదేళ్ల తర్వాత అదే తేదీన ఆర్మ్‌స్ట్రాంగ్. ఈ రికార్డులో పియానోని వదిలేసి లఫారోనే వినండి. తాళం మోయడం మానేసి పియానోతో కబుర్లాడుతుంటాడు.

4 నంబరు రైలు చివరి స్టేషన్ వుడ్‌లాన్. బ్రాంక్స్‌లో పెద్ద శ్మశానవాటిక, గేటు దగ్గర మ్యాపు అడిగి తీసుకోకపోతే తిరగలేం. ఎలింగ్టన్ ఇక్కడే, మాక్స్ రోచ్, కోల్‌మన్ హాకిన్స్ ఇక్కడే. మైల్స్ డేవిస్‌ది నల్లటి గ్రానైట్, పేరుకి ముందు సర్ అని. దాని మీద ట్రంపెట్ బొమ్మ, 'సోలార్' పాట మొదటి బార్ల స్వరలిపి చెక్కి ఉన్నాయి. ఆ పాట నిజానికి గిటారిస్టు చక్ వేన్‌దని, 1946 రికార్డింగ్ సాక్ష్యంగా ఉందని తర్వాత తేలింది. రాయి మీద మాత్రం అలాగే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'సోలార్' వేశాను. పన్నెండు బార్ల వరస, చివరి బార్ ఎక్కడా ఆగకుండా మళ్లీ మొదటి బార్‌లోకి నెట్టేస్తుంది. మూడో వరసలో లెక్క తప్పింది.