ఆర్సెనిక్ సెన్సర్ డైరీ: మూడు కాలనీల నుంచి సిల్వర్ మెడల్ దాకా

ఫలితం ముందే చెప్పేస్తాను. ఈసారి విద్యార్థుల అంతర్జాతీయ సింథటిక్ బయాలజీ (జీవకణాలను కొత్త పనులకు మలచడం) పోటీ ఐజెమ్‌లో మా టీమ్‌కు సిల్వర్ మెడల్ వచ్చింది. 2003లో ఎమ్‌ఐటీలో ఒక చిన్న కోర్సుగా మొదలై, 2004లో 5 టీమ్‌లతో పోటీగా మారిన కార్యక్రమం ఇది. ఇందులో మెడల్ అంటే రెండో స్థానం అని కాదు. అడిగిన పనులు చేసి ఆధారాలతో చూపించిన ప్రతి టీమ్‌కూ బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ దక్కుతాయి. అందుకే ఎవరిని దాటామన్నది కాకుండా, ఏం చూపించగలిగామన్నదే రాస్తున్నాను.

మా ప్రాజెక్ట్ తాగునీటిలో ఆర్సెనిక్‌ను పసిగట్టే బ్యాక్టీరియా. ల్యాబ్‌లలో మామూలుగా వాడే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఇందుకు కావలసిన ఏర్పాటు సహజంగానే ఉంది. ఆర్స్‌ఆర్ అనే ప్రొటీన్, జీన్ ముందు స్విచ్‌లా పని చేసే డీఎన్‌ఏ ముక్కకు (ప్రొమోటర్‌కు) అతుక్కుని జీన్‌ను ఆపి ఉంచుతుంది. ఆర్సెనైట్ (ఆర్సెనిక్ ఉండే ఒక రూపం) వచ్చి దాన్ని పట్టుకుంటే అది డీఎన్‌ఏను వదిలేస్తుంది, జీన్ ఆన్ అవుతుంది. ఆ ప్రొమోటర్ వెనక, పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ అనే ప్రొటీన్ జీన్ పెడితే ఆర్సెనిక్ ఉన్నప్పుడు సెల్ పచ్చగా మెరుస్తుంది. 2006లోనే ఎడిన్‌బరో టీమ్ ఇదే ప్రొమోటర్‌తో, పీహెచ్ మార్పు ద్వారా ఆర్సెనిక్‌ను గుర్తించే సెన్సర్ చేసింది. కాబట్టి ఆలోచన కొత్తదని మేం ఎక్కడా చెప్పలేదు. ఆర్సెనిక్ లేకపోయినా కొంచెం వెలిగే లీక్‌ను ఎంత తగ్గించగలం? మా ప్రశ్న అదొక్కటే.

1 నుంచి 3 వారాలు

మొదటి పని డీఎన్‌ఏను బ్యాక్టీరియాలోకి ఎక్కించి, యాంటీబయాటిక్ ఉన్న ప్లేట్ల మీద పెంచడం. డీఎన్‌ఏ చేరిన సెల్స్ మాత్రమే అక్కడ కాలనీలుగా (చిన్న చుక్కల్లా) పెరుగుతాయి. మా ప్లేట్లన్నీ ఖాళీ. డీఎన్‌ఏ పాడైందనుకున్నాం, యాంటీబయాటిక్ ఎక్కువైందనుకున్నాం. తప్పు మేం తయారు చేసుకున్న కాంపిటెంట్ సెల్స్‌లో (డీఎన్‌ఏను లోపలికి తీసుకునేలా సిద్ధం చేసిన బ్యాక్టీరియాలో) ఉంది. అది తెలిసింది కంట్రోల్ (పని చేస్తుందని ముందే తెలిసిన డీఎన్‌ఏతో చేసే పరీక్ష) వల్ల. 1 నానోగ్రాము పీయూసీ19 అనే ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ) వేసి, చివరి 1 మిల్లీలీటర్‌లో 100 మైక్రోలీటర్లు ఆంపిసిలిన్ ప్లేట్ మీద పరిచాం. వచ్చినవి 3 కాలనీలు. ప్లేట్ మీద పడిన డీఎన్‌ఏ 0.1 నానోగ్రాము కాబట్టి సామర్థ్యం మైక్రోగ్రాము డీఎన్‌ఏకు 30,000 కాలనీలు మాత్రమే. లైగేషన్ చేసిన (ముక్కలు అతికించి తయారు చేసిన) డీఎన్‌ఏకు ఇది ఏమాత్రం చాలదు.

మళ్ళీ మొదలుపెట్టాం. కల్చర్‌ను ఓడీ (సెల్స్ ఎంత చిక్కగా పెరిగాయో చెప్పే కొలత) 0.35 దగ్గరే ఆపాం. కాల్షియం క్లోరైడ్, ట్యూబులు, సెంట్రిఫ్యూజ్ అన్నీ ముందురోజు రాత్రే చల్లబరిచాం. సెల్స్‌ను పిపెట్‌తో గట్టిగా కొట్టకుండా ట్యూబును మెల్లగా ఊపి కలిపాం. ఈసారి అదే లెక్కలో 310 కాలనీలు, అంటే మైక్రోగ్రాముకు 31 లక్షలు. ఆ ప్లేట్‌ను ముగ్గురం వంతులవారీగా లెక్కపెట్టాం. నాకు మెడల్ రోజు కన్నా ఆ ఉదయమే ఎక్కువ గుర్తుంది.

మాకు కుదిరిన పద్ధతి: ఐస్ మీద 30 నిమిషాలు, 42 డిగ్రీల్లో 45 సెకన్లు, మళ్ళీ ఐస్ మీద 2 నిమిషాలు, ఎస్‌ఓసీ (పోషక ద్రవం) పోసి 37 డిగ్రీల్లో గంట. ఈ గంటను తగ్గించకండి. మా ప్లాస్మిడ్‌కు వాడిన యాంటీబయాటిక్ క్లోరాంఫెనికాల్. దాన్ని తట్టుకునే ప్రొటీన్ తయారు కావడానికి సెల్‌కు ఆ సమయం కావాలి.

4 నుంచి 6 వారాలు

క్లోనింగ్ (సెన్సర్ డీఎన్‌ఏను ప్లాస్మిడ్‌లో చేర్చడం) పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. మా వెక్టర్‌లో (మోసుకెళ్ళే ప్లాస్మిడ్‌లో) ఇన్సర్ట్ (చేర్చే డీఎన్‌ఏ ముక్క) పెట్టే చోట ముందే ఎర్ర ప్రొటీన్ జీన్ ఉంది. కట్ కాని వెక్టర్ ఎర్ర కాలనీ ఇస్తుంది, ఇన్సర్ట్ చేరితే తెల్లది వస్తుంది. అయితే తెల్లగా ఉన్నంత మాత్రాన సరైనదని కాదు. కాలనీ పీసీఆర్‌తో ముక్క పొడవు చూసి, డీఎన్‌ఏ అక్షరాలు చదివే సీక్వెన్సింగ్‌కు పంపాకే నమ్మాం.

7 నుంచి 11 వారాలు

అసలు పని ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. కాబట్టి 0, 5, 10, 20, 50 మైక్రోగ్రాముల దగ్గర కొలిచాం. మొదటి సెన్సర్‌లో 50కీ 0కీ మధ్య తేడా 1.8 రెట్లే. పైగా సెల్స్ పెరిగే ఎల్‌బీ మీడియం తనంతట తానే కొంత మెరుస్తుందని ఆలస్యంగా తెలిసింది. సెల్స్‌ను కడిగి పీబీఎస్‌లో (ఉప్పు ద్రావణంలో) కలిపి మళ్ళీ కొలిస్తే తేడా 2.3 రెట్లయింది. లీక్ మాత్రం అలాగే ఉంది.

మా సెన్సర్‌లో ప్రొమోటర్ తర్వాత ఆర్స్‌ఆర్ జీన్, దాని తర్వాత జీఎఫ్‌పీ ఉన్నాయి. అప్పుడు ఆర్స్‌ఆర్ జీన్‌కూ జీఎఫ్‌పీకీ మధ్య, ఆర్స్‌ఆర్ అతుక్కునే రెండో చోటు పెట్టాం. దారిలో ఇంకో అడ్డం అన్నమాట. ప్రొమోటర్ నుంచి తప్పించుకుని వచ్చిన ట్రాన్స్‌క్రిప్షన్ (జీన్‌ను చదివే పని) జీఎఫ్‌పీ దాకా రాకుండా అక్కడ ఆగుతుంది. 50 దగ్గర వెలుగు కొంత తగ్గింది, కానీ 0 దగ్గర చాలా ఎక్కువ తగ్గింది. తేడా 6.4 రెట్లయింది. మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కాలనీలతో చేశాం. మూడుసార్లూ 10 మైక్రోగ్రాములు 0 నుంచి స్పష్టంగా విడిపోయాయి. 5 విడిపోలేదు. గ్రాఫ్‌లో దాన్నీ ఉంచాం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లేట్ రీడర్ (వెలుగు కొలిచే మెషిన్) ఇచ్చే అంకెలు ఆ మెషిన్‌కే పరిమితం. ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగును తెలిసిన మోతాదుల్లో కొలిచి కాలిబ్రేషన్ కర్వ్ గీసుకుంటేనే వేరే ల్యాబ్‌వాళ్ళు మీ ఫలితంతో తమది పోల్చుకోగలరు. ఇందుకు మాకు పట్టింది ఒక్క సాయంత్రం. జడ్జిలు ఎక్కువ ప్రశ్నలు అడిగింది దీని మీదే.

ఆర్సెనిక్ ద్రావణాలు మా గైడ్ మాత్రమే హుడ్‌లో (గాలిని బయటికి లాగే పెట్టెలో) కలిపారు. వ్యర్థాలన్నీ విడి డబ్బాలోకే. మార్పు చేసిన బ్యాక్టీరియాను ల్యాబ్ బయటికి వదలకూడదన్నది పోటీ నియమం, అందుకే నీటి నమూనాలే ల్యాబ్‌కు వచ్చాయి. బావి నీళ్ళు తాగేవాళ్ళతో మాట్లాడినప్పుడు అంకె అక్కర్లేదు, తాగొచ్చో లేదో చెప్పండి చాలు అన్నారు. కొలతలన్నీ 10 చుట్టూ పెట్టుకోవడానికి ఆ మాటే కారణం.

వికీ ఫ్రీజ్, ఫైనల్

వికీ ఫ్రీజ్ అంటే ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌కు చివరి గడువు. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చలేం. చివరి వారం అంతా టెన్షనే. నోట్‌బుక్ ఏ రోజుకారోజు రాసి ఉండకపోతే మునిగిపోయేవాళ్ళం. ఖాళీ ప్లేట్ల ఫోటోలు, 30,000 లెక్క, పని చేయని మొదటి సెన్సర్ అన్నీ పెట్టాం. డిజైన్, బిల్డ్, టెస్ట్, లెర్న్ చక్రం చూపించమన్నప్పుడు మా దగ్గర నిజమైన రెండు చక్రాలు సిద్ధంగా ఉన్నాయి. గోల్డ్‌కు అడిగినవాటిలో ఒకదానికి తగినంత ఆధారం చూపలేకపోయాం.

ఈ వారం ఫ్రీజర్ సర్దాం. రెండో సెన్సర్ గ్లిసరాల్ స్టాక్‌లు (గడ్డకట్టించి దాచిన బ్యాక్టీరియా) మూడు, మైనస్ 80లో, పై అరలో నీలం మూత పెట్టె. మూత మీద తేదీ, ప్లాస్మిడ్ పేరు, యాంటీబయాటిక్ రాసి ఉన్నాయి. వచ్చే బ్యాచ్‌వాళ్ళు 5 మైక్రోగ్రాముల దగ్గర నుంచి మొదలుపెడతారు.