ఓడల పనిలో పీల్చిన రాతినార, నలభై ఏళ్ల తరవాత వచ్చే ఆయాసం

ఓడల నిర్మాణంలోనో మరమ్మతుల్లోనో ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరైన మనిషి ఆయాసంతో ఆసుపత్రికి వెళితే, పొగ తాగుతారా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని అడుగుతారు గాని, ముప్పై నలభై ఏళ్ల కిందట ఏం పని చేసేవారని అడిగేవారు తక్కువ. ఈ ప్రశ్న అడగకపోవడం వల్లనే మన దేశంలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, తెచ్చిపెట్టే జబ్బులు చాలావరకు వేరే పేర్లతో నమోదవుతున్నాయని నా గట్టి అభిప్రాయం. విశాఖపట్నంలోని సింధియా, మల్కాపురం, గాంధీగ్రామ్ ప్రాంతాల్లో ఓడల పనినే నమ్ముకుని బతికిన కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని ఇది రాస్తున్నాను.

ఆవిరితో నడిచే ఓడలో బాయిలర్లు, వాటి నుంచి బయలుదేరే పైపులు, ఇంజన్ గది అన్నీ విపరీతమైన వేడితో ఉంటాయి. పైగా నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే పారిపోవడానికి చోటుండదు. వేడికీ నిప్పుకీ తట్టుకునే చవకైన పదార్థం కాబట్టి, గత శతాబ్దంలో 1970ల దాకా ఓడల్లో రాతినారను విరివిగా వాడారు. వేడి బయటికి పోకుండా పైపుల చుట్టూ కట్టే కప్పులో (దీన్నే లాగింగ్ అంటారు), గ్యాస్కెట్లలో, వాల్వుల ప్యాకింగ్‌లో, గదుల మధ్య పలకల్లో, చివరికి వెల్డింగ్ చేసేటప్పుడు కప్పే దుప్పట్లలో కూడా అది ఉండేది. మన ఊళ్లలో ఇళ్లపై కనిపించే సిమెంటు రేకుల్లోనూ ఇదే ఖనిజం ఉంది. కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో దాన్ని తవ్వి తీశారు కూడా. అయితే రేకులో నార సిమెంటుతో బిగిసి ఉంటుంది. పాత లాగింగ్ అలా కాదు, చేత్తో నలిపితే పొడి అవుతుంది. పైపు మరమ్మతు చేయాలంటే ముందు ఆ లాగింగ్‌ను కొట్టి ఊడదీయాలి. గాలి ఆడని ఇంజన్ గదిలో ఆ దుమ్ము గంటల తరబడి తేలుతూనే ఉంటుంది.

కంటికి కనిపించనంత సన్నని ఆ పోగులు ఊపిరితిత్తుల అడుగుదాకా చేరతాయి. బయటి నుంచి వచ్చినదాన్ని మింగి అరిగించే మన కణాలు వాటిని అరిగించలేవు. పోగు చుట్టూ ఏళ్ల తరబడి వాపు కొనసాగి, మచ్చ కట్టి, ఊపిరితిత్తి మెల్లగా బిరుసెక్కుతుంది. దీనినే ఆస్బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తి క్యాన్సర్ మరొకటి. ఊపిరితిత్తులను కప్పి ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఇంకొకటి; అది దుమ్ము పీల్చిన 20 నుంచి 50 ఏళ్ల తరవాత బయటపడుతుంది. దీనికి పొగతాగడంతో సంబంధం లేదు. ఊపిరితిత్తి క్యాన్సర్ విషయం వేరు: అమెరికాలో 1979లో వెలువడిన అధ్యయనం ప్రకారం, రెండూ లేనివారితో పోలిస్తే రాతినార దుమ్ము మాత్రమే పీల్చినవారికి ఆ క్యాన్సర్‌తో మరణించే ముప్పు సుమారు 5 రెట్లు, పొగ మాత్రమే తాగినవారికి 11 రెట్లు, రెండూ ఉన్నవారికి 50 రెట్లకు పైగా ఉంది. అందువల్ల, ఈ పని చేసినవారు ఏ వయసులో సిగరెట్ మానినా ఆ మేరకు ముప్పు తగ్గుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఓడల యార్డుల్లో దాదాపు 45 లక్షల మంది పనిచేశారు. యుద్ధం ముగిసి వారు ఇతర వృత్తుల్లోకి వెళ్లిపోయాక, దశాబ్దాల తరవాత, జబ్బులు మొదలయ్యాయి. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్ లాగింగ్ కార్మికుల సంఘం దగ్గరున్న సభ్యుల రికార్డుల ఆధారంగానే 1964లో ఈ ప్రమాదాన్ని నిరూపించగలిగారు. ఎవరు ఎప్పుడు ఆ పనిలో చేరారో రాసి ఉంచిన పుస్తకాలు లేకపోతే ఆ పరిశోధన సాధ్యమయ్యేదే కాదు. ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకాదళ డాక్‌యార్డులో మరో విషయం తేలింది: మీసోథీలియోమా వచ్చినవారిలో లాగింగ్ పని చేయని వారు కూడా ఉన్నారు. పక్కనే తమ పని తాము చేసుకున్న ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, వడ్రంగులు కూడా అదే గాలి పీల్చారు గదా. లండన్‌లో 1965లో వెలువడిన అధ్యయనం ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పింది. దుమ్ముపట్టిన పని బట్టలు దులిపి ఉతికినందుకు వారికీ ఆ క్యాన్సర్ వచ్చింది.

మా పెదనాన్నగారు ఓడల మరమ్మతుల్లో పైప్ ఫిట్టర్‌గా పనిచేశారు. ఆయన బట్టలు మా పెద్దమ్మ విడిగా ఉతికేది, మురికి ఎక్కువని తప్ప మరో కారణం ఆమెకు తెలియదు. చివరి రోజుల్లో ఆయనకు ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే క్షయ మందులు వాడించారు. అది నిజంగా ఏ జబ్బో చెప్పే ఆధారం ఇప్పుడు మా దగ్గర లేదు. ఆయన పని గురించి ఏ కాగితంలోనూ ఒక్క మాట లేదు.

పాత ఓడలను విడగొట్టే గుజరాత్‌లోని అలంగ్‌లో ఈ సమస్య ఇంకా తీవ్రం. ఫ్రాన్స్ విమానవాహక నౌక క్లెమెన్సోను 2006లో అక్కడికి పంపబోతే, అందులోని రాతినారపై నిరసన రేగి, దారిలోనే వెనక్కి పిలిపించుకున్నారు. చివరికి దాన్ని ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో విడగొట్టారు. అదే సంవత్సరం సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పాటైన నిపుణుల కమిటీ నివేదికలో, అలంగ్‌లో రాతినార పని చేసే 94 మంది కార్మికులను పరీక్షిస్తే 15 మంది ఎక్స్‌రేల్లో ఆస్బెస్టోసిస్‌ను పోలిన గుర్తులు కనిపించాయని ఉంది. అక్కడి కార్మికుల్లో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి, కొన్నేళ్లు పనిచేసి తిరిగి వెళ్లేవారు. జబ్బు బయటపడేనాటికి వారు తమ ఊళ్లలో ఉంటారు, వారిని చూసే డాక్టరుకు అలంగ్ సంగతే తెలియదు.

సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును, పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన తరవాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. ఈ జబ్బు నెమ్మదిని న్యాయమూర్తులు సరిగ్గా అర్థం చేసుకున్నారు. కాంట్రాక్టరు కింద రోజుకూలీకి పనిచేసిన వారికి మాత్రం ఆ రికార్డు తెరిచేవారెవరు?

కాబట్టి మీ ఇంట్లో ఇలాంటి పని చేసినవారుంటే, వారు చెప్పగలిగినప్పుడే ఒక కాగితం మీద ఏ ఏళ్లలో, ఏ యార్డులో, ఏ విభాగంలో, లాగింగ్ తీసే చోటికి ఎంత దగ్గరగా పనిచేశారో రాయించి ఆసుపత్రి ఫైలులో పెట్టండి. తొలిదశ మచ్చలు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కనుక, ఆయాసం తగ్గకపోతే ఆ కాగితం చూపించి, ఊపిరితిత్తులను ఎక్స్‌రే కంటే వివరంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ అవసరమేమోనని ఊపిరితిత్తుల డాక్టరుగారిని అడగండి.