కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం జీతాల పట్టీ మార్చడం: నా అనుభవం

2025 నవంబర్ 21న కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు, అంటే నాలుగు లేబర్ కోడ్‌లూ ఒక్కసారే అమల్లోకి వచ్చాయి. మా ఫ్యాక్టరీ జీతాల పట్టీని వాటికి తగ్గట్టు తిరగరాసే పని నా మీద పడింది. ఇప్పటికి తెమిలింది. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నా.

అపాయింట్‌మెంట్ లెటర్లు తేలిక. లెటర్ లేని పాతవాళ్లకు కోడ్‌లు అమలైన మూడు నెలల్లో ఇవ్వాలి, ఇచ్చేశాం. నెల జీతం మరుసటి నెల 7లోపు పడాలన్నది మాకు కొత్త కాదు.

చుక్కలు చూపించింది ‘వేతనం’ నిర్వచనం. ఎవర్ని అడిగినా ఒకటే పాట: ‘మొత్తం జీతంలో సగాన్ని బేసిక్ చేసేయండి, గొడవ వదిలిపోతుంది.’ కన్సల్టెంటు ఫీజు పుచ్చుకుని ఇచ్చిన ఎక్సెల్ షీటూ అదే చేసింది. చట్టంలో ఉన్నది అది కాదు. ఇచ్చేదంతా వేతనమే అని మొదలుపెట్టి, కొన్నిటిని పేరుపెట్టి మినహాయించింది: హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్స్), కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు), యజమాని పీఎఫ్ వాటా, ఓవర్‌టైమ్, కమీషన్, చట్టప్రకారం ఇచ్చే బోనస్ లాంటివి. అవన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా మళ్లీ వేతనంలోకే వస్తుంది. ఆ జాబితాలో స్పెషల్ అలవెన్స్ లేదు!

ఒక మనిషి లెక్క చూడండి. బేసిక్ 10,000, హెచ్‌ఆర్‌ఏ 5,000, స్పెషల్ అలవెన్స్ 13,200, మా పీఎఫ్ వాటా 1,800, మొత్తం 30,000. షీటు వేతనం 15,000 అంది. నిజానికి మినహాయింపు కిందికి వచ్చేది 6,800 మాత్రమే, సగం దాటనే లేదు. కాబట్టి వేతనం 23,200. పదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం: వేతనం × 15/26 × ఏళ్లు) షీటు ప్రకారం 86,538 రూపాయలు, అసలు లెక్కలో 1,33,846. పాత పద్ధతిలో బేసిక్ మీద వేస్తే 57,692 వచ్చేది. గ్రాట్యుటీ ఆఖరి వేతనం మీద కట్టేది కాబట్టి గడిచిన ఏళ్లన్నిటికీ కొత్త అంకే వర్తిస్తుంది. ఈ భారం ఓనరుకు ముందే కాగితం మీద చూపించండి.

‘స్పెషల్ అలవెన్స్ ఏ మినహాయింపు కింద తీసేశారు?’ అని ఆడిటర్ మీటింగులో అందరి ముందూ అడిగితే కన్సల్టెంటు చెప్పిన సమాధానం: ‘అందరూ ఇలాగే చేస్తున్నారు సార్.’ మాకు తల కొట్టేసినట్టయింది. ఫీజు ఇచ్చేముందు చట్టంలో ‘వేతనం’ అన్న ఆ ఒక్క నిర్వచనం మీరే చదవండి, పేజీన్నర కూడా ఉండదు.

స్పెషల్ అలవెన్స్‌కి కన్వేయన్స్ అని పేరు మారిస్తే పోలా అనే తెలివి చాలామందికి వస్తుంది. పేరు మార్చినా సగం దాటిన ముక్క వెనక్కి వస్తుంది. పైగా అందరికీ ఒకే తీరున ఇచ్చే అలవెన్స్ మీద పీఎఫ్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది.

వర్కర్ల భయమంతా చేతికొచ్చే జీతం తగ్గుతుందనే. పీఎఫ్ ఇప్పటికే 15,000 పరిమితి మీద కోస్తుంటే దానివల్ల తగ్గదు. అంతకంటే తక్కువ మీద కోస్తున్నవాళ్లకే కోత పెరుగుతుంది. వాళ్లను విడిగా కూర్చోబెట్టి చెప్పాలి, నోటీసు బోర్డు చాలదు.

మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. నెలాఖరు పేరోల్‌తో కలిపి ఇస్తామంటే కుదరదు. హాజరు, మిగిలిన సెలవులు, అడ్వాన్సులు ఆఖరి రోజుకు ముందే తేల్చి పెట్టుకోవాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువు ఉంది. ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలానికే అని రాసుకున్న ఉద్యోగం) మీద తీసుకున్నవాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది, పర్మినెంట్ వాళ్లకు అయిదేళ్లు అలాగే ఉంది.

సిటీలో ఆఫీసో షోరూమో ఉంటే అక్కడ తెలంగాణ షాపులు, సంస్థల చట్టం, 1988 ఇంకా నడుస్తోంది. కోడ్‌లు దాన్ని రద్దు చేయలేదు. ఆ రిజిస్టర్లు, రెన్యువల్ ఆపేయకండి.