కదిలే పటం, ఆగి చూసే కన్ను

చాలా ఏళ్ల క్రితం జనాభా మార్పు మీద నేనొక యానిమేషన్ పటం తయారుచేశాను. పదేళ్లకొకసారి జరిగిన జనగణన లెక్కలు ఆరు నా దగ్గర ఉన్నాయి. ఆ ఆరు పటాలనూ ఒకదాని వెంట ఒకటి చూపిస్తే రంగులు గెంతినట్లు కనిపించి కంటికి ఇబ్బందిగా ఉండేది. అందుచేత రెండు జనగణనల నడుమ సంవత్సరాలను కంప్యూటరు చేత నింపించాను. అదీ తిన్నని గీత మీద కాక నునుపైన వంపు రేఖ మీద, రంగు మెల్లగా ముదిరి మెల్లగా పలచబడేటట్లు. చూసినవారందరూ మెచ్చుకున్నారు. ఒకరు మాత్రం పటాన్ని ఒకచోట ఆపి, "ఈ మూల ఉన్న ప్రాంతంలో జనం తగ్గడం ఈ ఏడాదే మొదలైనట్లుంది, ఆ ఏడాది ఏం జరిగిందండీ?" అని అడిగారు. ఆయన వేలు పెట్టి చూపించిన ఏడాది రెండు జనగణనలకు సరిగ్గా మధ్యన ఉంది. ఆ ఏడాదికి నా దగ్గర లెక్కే లేదు. రెండు తెలిసిన బిందువుల మీదుగా నునుపుగా వంగే ప్రయత్నంలో వంపు రేఖ తనంతట తానుగా ఒక శిఖరాన్ని కల్పించింది, నేను దానికి రంగు వేసి చూపించాను.

కదిలే పటాల గురించి నాకున్న అభిప్రాయాలన్నీ ఆ ప్రశ్న దగ్గరనుంచే మొదలవుతాయి. కాగితం మీది పటంలో తెలియని చోటు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ పాఠకుడికి కనిపిస్తుంది. యానిమేషన్‌లో ఖాళీ కనిపించదు. తెలిసిన క్షణానికీ తెలియని క్షణానికీ తెరపై ఒకే మెరుగు ఉంటుంది. చిత్రం ఎంత సాఫీగా సాగితే అంత నమ్మకం కలగడం మనిషి స్వభావం. పటం గీసేవాడు ఎంత నిజాయితీపరుడైనా, ఆ సాఫీతనంలోని కల్పనకు బాధ్యత వహించక తప్పదు.

అయితే నడుమ క్షణాలను నింపడం ప్రతిచోటా తప్పేనని నేను అనను. తుఫాను కేంద్రం ఎక్కడుందన్న సంగతిని సాధారణంగా 6 గంటలకొకసారి నమోదు చేస్తారు. ఆ రెండు నమోదుల మధ్య తుఫాను ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి, ఒక చోటినుంచి మరొక చోటికి మాయమై తేలదు కనుక దాని దారిని గీత కలిపి చూపడంలో పెద్ద ప్రమాదం లేదు. నిజంగా స్థలం మారే వస్తువుకూ, ఉన్నచోటనే విలువ మారే అంకెకూ ఉన్న తేడా ఇది. ఓడలు, వలస పక్షులు, సముద్ర ప్రవాహాలు మొదటి కోవకు చెందుతాయి. జిల్లాలవారీ జనాభా, వర్షపాతం, ఓట్ల శాతం రెండవ కోవకు చెందుతాయి. మొదటి కోవకు యానిమేషన్ సహజంగా అమరుతుంది. 2005 జూన్ నుంచి 2007 డిసెంబరు వరకు సముద్రాల ఉపరితల ప్రవాహాలను సుడులతో సహా చూపిస్తూ నాసా తయారుచేసిన దృశ్యం చూసినవారికి ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు.

2012లో ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ రూపొందించిన అమెరికా గాలుల పటం, 2013లో కామెరాన్ బెకారియో భూగోళం మొత్తానికి చేసిన గాలుల పటం ఇంకొక విచిత్రమైన తరగతికి చెందుతాయి. వాటిలో సన్నని గీతలు నిరంతరం ప్రవహిస్తూనే ఉంటాయి కానీ కాలం మాత్రం కదలదు. అక్కడి చలనం ఒకే సమయంలో గాలి వీచే దిక్కునూ వేగాన్నీ చెప్పే గుర్తు మాత్రమే. పాత పటాల్లో బాణం గుర్తు చేసిన పనినే అది మరింత అందంగా చేస్తుంది. నేను ఎరిగినవారిలో చాలామంది దానిని చూసి, గాలి తమ కళ్లముందే మారుతోందని అనుకున్నారు. చలనం అనగానే కాలం అని అర్థం చేసుకునే అలవాటు మనకు అంత బలంగా ఉంది. ఆ రెండు పటాలూ నాకెంతో ఇష్టమైనవే, కాబట్టి ఇది ఫిర్యాదు కాదు.

కదిలే పటం కొత్త ఆలోచనేమీ కాదు. భూగోళ శాస్త్రవేత్త నార్మన్ త్రోవర్ 1959లోనే యానిమేషన్ పటరచన గురించి వ్యాసం రాశాడు. 1970లో మరో భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతపు నగర విస్తరణను కంప్యూటరుతో లెక్కగట్టి చలనచిత్రంగా మలిచాడు. అన్ని విషయాలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది కానీ దూరంగా ఉన్నవాటికన్నా దగ్గరగా ఉన్నవాటి మధ్య ఆ సంబంధం ఎక్కువ అన్న, భూగోళశాస్త్రపు మొదటి సూత్రంగా పేరుపడిన మాట ఆ చలనచిత్రాన్ని వివరించిన వ్యాసంలోనిదే. ఆ సినిమాను చూసినవారు బహుకొద్ది మంది, ఆ వాక్యాన్ని వల్లించేవారు లెక్కలేనంత మంది.

పటంలోని గుర్తులకు వ్యాకరణం వంటిది రాసినవాడు ఫ్రాన్సుకు చెందిన జాక్ బెర్తాఁ. 1967లో ఆయన స్థానం, పరిమాణం, ఆకారం, గాఢత, రంగు, దిశ, అల్లిక అని కంటికి కనిపించే తేడాలను వర్గీకరించాడు. కదలిక వచ్చిన తర్వాత ఈ పట్టిక చాలలేదు. 1992లో డేవిడ్ డిబియాసి, ఆయన సహచరులు ఒక దృశ్యం ఎంతసేపు నిలవాలి, మార్పు ఎంత వేగంగా జరగాలి, దృశ్యాలు ఏ వరుసలో రావాలి అన్న మూడు అంశాలను చేర్చారు. 1995లో అలన్ మెకాక్రన్ వాటికి మరి మూడు జోడించాడు. వినడానికి పాఠ్యపుస్తకపు విషయంలా ఉంటుంది గానీ, పని చేసేవాడికి వీటిలో ప్రతి ఒక్కటీ ఒక నిర్ణయమే. ఉదాహరణకు వరుసను తీసుకుందాం. భూకంపాలను తేదీల వరుసలో చూపిస్తే చుక్కలు భూమి మీద అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా వెలుగుతాయి, చూసేవాడికి ఏ నమూనా పట్టుబడదు. అవే భూకంపాలను లోతును బట్టి, పైనుంచి కిందికి వరుసగా చూపిస్తే, సముద్రపు అడుగు పలక ఖండం కిందికి వాలుగా దిగే చోట్ల చుక్కలు తీరం దగ్గర మొదలై లోపలికి జరుగుతూ పోతాయి. అప్పుడు కాలం బదులు లోతే గడియారంగా నడుస్తుంది. యానిమేషన్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తారసపడలేదు, అయినా ఇలా చేసేవారు అరుదు.

ఇక జ్ఞాపకం సంగతి. నిశ్చలమైన పటంలో కన్ను ఒక చోటినుంచి మరొక చోటికి వెళ్లి, అనుమానం వస్తే తిరిగి రాగలదు. కదిలే పటంలో తిరిగి వచ్చేసరికి అక్కడ ఉన్నది మారిపోతుంది కనుక పోల్చే భారమంతా జ్ఞాపకం మీద పడుతుంది. తెర మీద ఏకకాలంలో అనేక చోట్ల రంగులు మారుతుంటే, వాటిలో కొన్ని పెద్ద మార్పులు సైతం మన కంటపడకుండా పోతాయి. పైగా అన్నీ చూశామన్న ధీమా మాత్రం మిగులుతుంది. 2002లో బార్బరా ట్వెర్‌స్కీ, జూలీ మోరిసన్, మిరై బెత్రాంకూర్ యానిమేషన్ మీద అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, కదిలే బొమ్మ నిశ్చల చిత్రం కన్నా మేలు చేసినట్లు కనిపించిన చాలా సందర్భాల్లో, అసలు రెండింటిలోనూ ఇచ్చిన సమాచారమే సమానంగా లేదని చూపించారు. దశలవారీ నిశ్చల చిత్రాలను పక్కపక్కన పేర్చితే తరచుగా అదే ఫలితం వస్తుంది. 1869లో షార్ల్ మినార్ గీసిన నెపోలియన్ రష్యా దండయాత్ర పటంలో 4,22,000 మందితో బయలుదేరిన సైన్యపు పట్టీ సన్నబడుతూ సన్నబడుతూ తిరుగుప్రయాణం చివర 10,000కు చేరుతుంది. ఆ పటంలో ఏదీ కదలదు. అయినా పోక, రాక, చలి, నష్టం అన్నీ ఒకే చూపులో ఎదురెదురుగా నిలుస్తాయి. దానిని యానిమేషన్‌గా మార్చితే మొదట ఉన్న వెడల్పును చివరి సన్నదనంతో పోల్చే అవకాశమే పోతుంది.

అందుచేత నాకు తెలిసి ఆపే బటన్ లేని యానిమేషన్ పటం అసంపూర్ణమైనది. ఆపడం, వెనక్కి జరపడం, ఒక్కొక్క అడుగుగా ముందుకు నడపడం, నచ్చిన చోట పదేపదే తిప్పి చూడటం అనేవి అలంకారాలు కావు. కాలాన్ని పాఠకుడి చేతికి ఇచ్చినప్పుడే అతడు పటాన్ని చదువుతాడు, లేకపోతే చూస్తాడంతే.

ఇందులో ఇంకొక చిక్కుంది. పటం మధ్యలో మార్పు జరుగుతుంటే, ఏ సంవత్సరమో తెలిపే అంకె ఒక మూలన తిరుగుతుంటుంది, రంగుల అర్థం తెలిపే సూచిక మరొక మూలన ఉంటుంది. కన్ను ఒకే సమయంలో మూడు చోట్ల ఉండలేదు. ఇక్కడే శబ్దం అక్కరకు వస్తుంది. 1994లో జాన్ క్రిజియర్ ధ్వనిలోని ఎత్తు, తీవ్రత, నాదగుణం, వచ్చే దిక్కు వంటివాటిని పటంలోని గుర్తులుగా ఎలా వాడవచ్చో వివరించాడు. ఆ ఆలోచన వచ్చి ఇన్నేళ్లైనా దానిని పట్టించుకున్నవారు తక్కువే. సంవత్సరం గడిచినప్పుడల్లా ఒక చిన్న టిక్కుమన్న చప్పుడు, దశాబ్దం గడిచినప్పుడు కాస్త భిన్నమైన చప్పుడు పెడితే, కన్ను పటాన్ని విడిచి వెళ్లనవసరం లేకుండా కాలం చెవికి అందుతుంది. నేనొకసారి ఇలా చేసి చూశాను; చూసినవారిలో చాలామంది ఆ చప్పుడును గమనించామని చెప్పలేదు గానీ, ఏ మార్పు ఏ దశాబ్దంలో జరిగిందని అడిగితే తడుముకోకుండా చెప్పారు. శబ్దంతో పరిచయమున్న పటరచయితలు మాత్రం ఎక్కువగా నేపథ్య సంగీతంతో సరిపెట్టుకుంటున్నారు. అడవులు తరిగిపోతున్న పటం వెనుక విషాద వాయిద్యం వినిపించడాన్ని నేను సహించలేను. ఎలా బాధపడాలో పటం నాకు నేర్పనక్కరలేదు. చూపు లేనివారికి వేలు సరిహద్దును తాకినప్పుడు ఫోన్ కంపించడం, ఆ చోటి పేరు పలకడం వంటి ఏర్పాట్లు ధ్వనికి దక్కవలసిన అసలైన చోటు.

ఫోటోలు, వీడియోలు చేర్చిన పటాల చరిత్ర కూడా పాతదే. 1978లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వారు ఆస్పెన్ అనే పట్టణం మీద మొదలుపెట్టిన ఆస్పెన్ మూవీ మ్యాప్‌లో, కారు మీద కెమెరాలు పెట్టి కొద్ది అడుగులకొకసారి తీసిన చిత్రాలను వీడియో డిస్కులో భద్రపరచి, తెరను తాకుతూ ఆ పట్టణపు వీధుల్లో తిరిగే వీలు కల్పించారు. ఈనాడు ఫోన్‌లో వీధి దృశ్యాలు చూసే సౌకర్యానికి అది పెద్దన్న. కాని నేటి పటాల్లో ఫోటోను వాడే తీరు నాకు తరచుగా నిరాశ కలిగిస్తుంది. ఒక చోటిని నొక్కితే ఆ చోటి ఫోటోతో పెట్టె తెరుచుకుంటుంది, ఆ పెట్టె సరిగ్గా ఆ చోటినే కప్పేస్తుంది. పెట్టెను తెర అంచుకు జరిపి, సన్నని గీతతో ఆ చోటికి కలిపితే సరిపోయే ఈ లోపం ఇంకా ఎందుకు కొనసాగుతోందో నాకు అర్థం కాదు.

పాఠకుడు నొక్కితే స్పందించే పటాలు వెబ్‌లోకి 1993లో జిరాక్స్ పార్క్ అనే పరిశోధనశాల వారి మ్యాప్ వ్యూయర్‌తో వచ్చాయి. అక్కడ ప్రతి నొక్కుకూ సర్వరు కొత్త బొమ్మ గీసి పంపేది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, ముందే గీసిపెట్టిన 256 పిక్సెళ్ల చతురస్రపు టైళ్లను తెరపై పరిచే పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. జూమ్ మెట్లను సున్నా నుంచి లెక్కిస్తారు; ఆ సున్నా మెట్టులో ప్రపంచమంతా ఒకే టైల్. ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ టైళ్ల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. 18వ మెట్టుకు వచ్చేసరికి అవి 6,800 కోట్లు దాటుతాయి. ఈ లెక్క వెనుక పటరచయిత పని మారిపోయింది. పూర్వం ఒకే కొలమానానికి ఏ ఊరు ఉంచాలి, ఏ వాగు తీసేయాలి అని ఒకసారి తేల్చుకుంటే చాలు. ఇప్పుడు ఆ తీర్పును ప్రతి మెట్టుకూ ఇవ్వాలి, అదీ మనిషి చేత కాక నియమాల చేత. జూమ్ చేస్తుంటే పెద్ద ఊరి పేరు మాయమై, దాని పక్కనున్న చిన్న ఊరి పేరు తేలడం ఆ నియమాల్లోని గజిబిజికి గుర్తు.

పాఠకుడికి అన్నీ అప్పగిస్తే అతడే వెతుక్కుంటాడన్న నమ్మకం ఒకప్పుడు నాకూ ఉండేది. ముందు మొత్తం చూపు, తర్వాత దగ్గరికి తీసుకెళ్లి వడకట్టనివ్వు, అడిగితే వివరాలు ఇవ్వు అని 1996లో బెన్ ష్నైడర్‌మన్ చెప్పిన క్రమం ఇప్పటికీ మంచిదే. కాని అడిగేవారెందరు? పత్రికల కోసం ఇటువంటి చిత్రాలు చేసేవారు కొన్నేళ్లుగా బటన్లను తగ్గించి, పాఠకుడు పేజీని కిందికి జరుపుతుంటే పటం తానే మారేటట్లు రాస్తున్నారు. వేలితో తాకే తెర మీద మౌస్ బాణాన్ని ఆనించి చూడటమన్నదే లేదు కనుక, అలా దాచిన వివరం సగం మందికి అందనట్లే. నేను ఇప్పటికీ తీసేయడానికి ఒప్పుకోని సదుపాయం ఒక్కటే: ఏ అంకె దాటితే ఏ రంగు అన్న తరగతుల హద్దులను పాఠకుడే జరిపి చూసే అవకాశం. హద్దు కొంచెం జరగగానే ఎర్రగా ఉన్న సగం పటం పసుపుగా మారిపోవడం చూసినవాడు, తర్వాత ఏ పటాన్నీ మునుపటంత అమాయకంగా చూడడు.

వెలిగి ఆరే గుర్తుల గురించి ఒక ముక్క. సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువగా మెరిసేది ఏదీ పెట్టకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. కొందరికి అది మూర్ఛ తెప్పించగలదు. కదలిక తగ్గించమని తన పరికరంలో ఎంచుకున్నవారికి యానిమేషన్ బదులు నిశ్చల చిత్రాల వరుసను చూపించడం కష్టమైన పనేమీ కాదు.

ఈ పటాల ఆయుష్షు సంగతి అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. ఇంగ్లండులోని భూములు, ఆస్తుల వివరాలు నమోదు చేసిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ 1986లో పటాలు, ఫోటోలు, ప్రజలు స్వయంగా రాసిన వివరాలతో లేజర్ డిస్కుల మీద ఒక కొత్త డూమ్స్‌డేను విడుదల చేసింది. పదిహేనేళ్లు తిరిగేసరికి దానిని చదవగల యంత్రాలు దొరకడం గగనమై, ప్రత్యేకంగా పరిశోధకులు పూనుకుని రక్షించవలసివచ్చింది. పాత గ్రంథాన్ని మాత్రం ఇప్పటికీ తెరిచి చదవవచ్చు. బ్రౌజర్లలో యానిమేషన్లను నడిపించిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లినప్పుడు అంతకుముందు రెండు దశాబ్దాల పాటు ఎందరో చేసిన కదిలే పటాలు బ్రౌజర్లలో మూగబోయాయి.

వాటిలో నా జనాభా పటం కూడా ఉంది. ఆరు జనగణనల పట్టికలు సాదా ఫైళ్లలో ఉండటంవల్ల బతికాయి. వాటితో ఆరు చిన్న పటాలను పక్కపక్కన పేర్చి కొత్తగా గీశాను, నడుమ ఏళ్లను నింపలేదు. పాత యానిమేషన్‌లో నాకు మిగిలింది ఒక ప్రదర్శన కోసం ఎప్పుడో ముద్రించుకున్న ఒక్క దృశ్యం. మొన్న బీరువా సర్దుతుంటే అది బయటపడింది. కింద మూలన ఉన్న సంవత్సరం చూశాను. అది ఏ జనగణన జరిగిన సంవత్సరమూ కాదు.