నీళ్లు దిగితే కనిపించే దారి

ఏనుగుల వీరాస్వామయ్య గారు నడిచిన దారిలో కొంత ముక్కైనా చూడాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. మొన్న మే నెలలో కుదిరింది. చూసింది కొంచెమే, నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపు నుంచి కృష్ణ దాటి వనపర్తి వెళ్లే ముక్క. ఆ కొంచెం కోసమే మూడు నెలలు మ్యాపుల ముందు కూర్చున్నాను.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న వంద మంది దాకా పరివారంతో కాశీకి బయలుదేరారు. కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ వెళ్లి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా దారిలో దిగివచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా రాస్తూనే ఉన్నారు, రాసినది స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి పంపారు. వీరాస్వామయ్య గారు 1836లో పోతే, 1838లో పిళ్లె గారే దాన్ని 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చు వేయించారు. ఇవాళ తెలుగు వికీసోర్స్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, దయచేసి చదవండి.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చేది గుళ్ల వర్ణన కాదు. ఏ ఊరికి ఎన్ని గంటలకు చేరారు, అక్కడ అంగళ్లు ఉన్నాయా, నీళ్ల వసతి ఎలా ఉంది, బాట రాళ్లదా ఇసకదా అని రాసుకున్న ఆ పొడి పొడి మాటలు. మొదటిసారి చదివినప్పుడు ఇవన్నీ దాటేశాను, దారి వెతకడం మొదలుపెట్టాక మాత్రం అవే పనికొచ్చాయి. వంద మందీ, పల్లకీ మోసే బోయీలూ, వాళ్లతో పాటు పశువులూ అన్నప్పుడు నీళ్లు లేని చోట మజిలీ పెట్టలేరు కదా, అందుకని ఆ దారి ఊరి నుంచి ఊరికి కాదు, నీళ్ల నుంచి నీళ్లకు వెళ్తుంది. ఇది అర్థమయ్యాక నేను రోడ్లు వెతకడం మానేసి పాత చెరువులు, కోనేర్లు, దిగుడుబావులు వెతకడం మొదలుపెట్టాను.

ఊళ్ల పేర్లతో చాలా తిప్పలు పడ్డాను. పానగల్లు అని చూడగానే నల్లగొండ పక్కన పానగల్లు తెలుసు కాబట్టి అక్కడ పిన్ పెట్టేశాను. గీత తూర్పుకి ఎక్కడికో పోయింది. రెండు రోజుల తర్వాత వెలిగింది, ఇది వనపర్తి దగ్గర, కోట ఉన్న కొండ కింద ఊరు. దాన్ని సరిచేయగానే పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి, గణపురం, జడ్చర్ల వరసగా ఒక దారంలో గుచ్చినట్టు వచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

అసలు చిక్కు కృష్ణ దగ్గర. ఆయన దాటింది నివృత్తి సంగమం దగ్గర, భవనాశి నది కృష్ణలో కలిసే చోట. మన సంగమేశ్వరం. ఇప్పటి మ్యాపులో అక్కడ ఊరూ లేదు, దారీ లేదు, అంతా నీలం రంగు, శ్రీశైలం రిజర్వాయరు. అమెరికా సైన్యం 1950ల్లో మన దేశానికి వేసిన మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు, ఆనకట్ట రాకముందువి కాబట్టి వాటిలో నది నదిలాగే ఉంటుంది. ఆ షీటును ఉపగ్రహ చిత్రం మీద పరిచి, రెండు మూడు గుళ్లు, ఒక కొండ మలుపు ఆనవాలు పెట్టుకుని సర్దితే, రేవు ఎక్కడ ఉండాలో సుమారుగా తేలింది. నీళ్ల అడుగున.

శ్రీశైలం వెళ్లే పాత కాలిబాట, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోయేది, పెద్దపులుల అడవిలో ఉంది. శివరాత్రికీ ఉగాదికీ నడిచే భక్తులను తప్ప వెళ్లనివ్వరు. అది ఇంకోసారి. ఆ రోజుల్లో ఆ ప్రాంతం కందనూరు, అంటే కర్నూలు, నవాబుది, యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసుకుంటున్నారే గానీ గుడిని పట్టించుకోవడం లేదని వీరాస్వామయ్య గారు చాలా బాధపడ్డారు. భక్తుడి కోపం, కోర్టులో పనిచేసిన మనిషి లెక్క, రెండూ కలిసి కనిపిస్తాయి ఆ పేజీల్లో.

మేం, అంటే నేనూ మా బావా, హైదరాబాదు నుంచి కొల్లాపురం మీదుగా, సంగమేశ్వరానికి ఎదురు ఒడ్డున ఉన్న సోమశిల వెళ్లాం. ఎండాకాలం రిజర్వాయరులో నీళ్లు బాగా తగ్గితేనే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, అందుకే మే. అక్కడ ఇప్పటికీ వంతెన లేదు, పడవే. 1830లోనూ నది దాటాల్సిందే, ఇప్పుడూ దాటాల్సిందే అనుకుంటూ ఎక్కుతుంటే ఒళ్లు జలదరించింది.

పడవ నడిపే పెద్దాయనకు ఫోన్‌లో ఆ పాత మ్యాపు చూపించాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఈడ మా ఊరు ఉండాలె సార్, ఏదీ?" అన్నాడు. 1981లో ఖాళీ చేయించారట, అప్పటికి ఆయన చిన్నపిల్లాడు. ఆ ప్రాజెక్టు కింద దాదాపు వంద ఊళ్లు మునిగాయని చదవడం వేరు. పెద్దది చేసి చూపిస్తే చిన్న చుక్క దగ్గర వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు. నేను వీరాస్వామయ్య గారి రేవు కోసం వచ్చాను గానీ ఆ మ్యాపు అసలు ఎవరికి కావాలో అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి ఆ ముక్క పెద్దగా ప్రింటు తీయించి పంపాను.

గుడి చుట్టూ నేలంతా బీటలు వారిన ఒండ్రు, కాలు పెడితే పైన గట్టిగా ఉండి లోపల జారుతుంది. రేవు అని చెప్పుకునే రాయేదీ నాకు కనపడలేదు, కనపడిందని రాసేయడం నాకు ఇష్టం లేదు. కనిపించింది ఇది: గుడి దిగువన నేల మెల్లగా నదిలోకి దిగుతుంది, రెండు పక్కలా గట్లు నిటారుగా ఉన్నాయి. వంద మందిని, సామాన్లను దించాలంటే ఇటు తప్ప ఇంకో చోటు లేదు. అక్కడే జాలర్ల పుట్టి ఒకటి బోర్లించి ఉంది. వెదురు అల్లిక, గుండ్రటి ఆకారం. తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూశారు, అంతే తేడా.

తిరిగి వచ్చేటప్పుడు పెంట్లవెల్లిలో ఆగాం. పాత బావి ఏదైనా ఉందా అని అడిగితే ఒక అవ్వ, "ఏ బావి కొడకా, తాగేదా, బాటసారులదా?" అంది. బాటసారులదే అన్నాను. చేయి చాపి చూపించింది, దక్షిణానికి, కృష్ణ వైపు.